మిషన్ పక్కనే ఇస్త్రీ పలక

ఇంట్లో మిషన్ పెట్టుకుని నలుగురికీ బ్లౌజులు, డ్రెస్సులు కుట్టిపెట్టేవాళ్ళ పని దగ్గరగా చూస్తే ఒక సంగతి అర్థమవుతుంది. కుట్టు తిన్నగానే పడుతుంది, కొలతలూ సరిపోతాయి. అయినా బ్లౌజు వేసుకున్నాక డాట్ కొసన చిన్న బొడిపె తేలుతుంది. భుజం జాయింటు కాస్త లేచి నిలబడుతుంది. నెక్ పైపింగ్ ఒకచోట లోపలికి, ఇంకోచోట బయటికి తిరుగుతుంది. కస్టమర్‌కి ఇచ్చేముందు ఎంత గట్టిగా ఇస్త్రీ చేసినా అవి పోవు. అప్పటికే ఆ జాయింటు మీదుగా ఇంకో కుట్టు వెళ్ళిపోయి ఉంటుంది, ఇస్త్రీ పెట్టె లోపలికి చేరదు. ఏ కుట్టుకి ఆ కుట్టు, తర్వాతి కుట్టు వేయకముందే వేడి తగలాలి. మంచి టైలర్ షాపులో కుట్టిన బ్లౌజుకీ ఇంట్లో కుట్టినదానికీ కంటికి కనబడే తేడా చాలావరకు ఇక్కడే పుడుతుంది.

ఇది తెలియనివాళ్ళు తక్కువ. తెలిసీ చేయలేకపోవడానికి కారణం ఒక్కటే: ఇస్త్రీ చేసే చోటు మిషన్‌కి దూరం. మంచం మీదో, పక్కగదిలో బల్ల మీదో దుప్పటి మడిచి వేసుకుని ఇస్త్రీ చేయడం మన ఇళ్ళలో అలవాటు. ఒక లైనింగ్ బ్లౌజులో డాట్లు, భుజాలు, మెడ, హుక్స్ పట్టీ, చేతులు, పక్కలు అన్నీ విడివిడిగా ప్రెస్ చేయాల్సినవే. ప్రతిదానికీ లేచి వెళ్ళి, పెట్టె వేడెక్కేదాకా నిలబడి, మళ్ళీ వచ్చి కూర్చోవడం ఎవరివల్లా కాదు. రోజుకి మూడు నాలుగు బ్లౌజులు ఇవ్వాల్సిన మనిషి అసలే చేయలేదు. అందుకని "చివర్లో ఒకేసారి చేద్దాంలే" అనుకుంటారు. ఆ చివరి ఇస్త్రీ బట్టకి మెరుపు తెస్తుంది గానీ లోపలి జాయింటుని సరిచేయలేదు.

కాబట్టి ఇస్త్రీనే మిషన్ దగ్గరికి తెచ్చుకోవాలి. కూర్చున్నచోటు నుంచి చెయ్యి చాపితే అందేంత దగ్గరగా, పని అయ్యాక గోడకి ఆనించి పెట్టుకునేంత చిన్నగా ఒక పలక చాలు. బజారులో దొరికే కాళ్ళ ఇస్త్రీ బల్ల ఈ పనికి సరిపోదు. అది నిలబడి చొక్కాలు ఇస్త్రీ చేయడానికి చేసింది. కొస సన్నగా ఉంటుంది, పైన ఫోమ్ ఉంటుంది, గట్టిగా నొక్కితే ఊగుతుంది. మనకి కావలసిన పలకని ఒక పూటలో ఇంట్లోనే చేసుకోవచ్చు. సామాను చాలావరకు పాతదే సరిపోతుంది కాబట్టి ఖర్చు కూడా ఒక లైనింగ్ బ్లౌజు కుట్టుకూలి దాటకూడదని నా లెక్క.

అతుకుల పని చేసేవాళ్ళకి, అంటే పాత చీరలతో బొంతలు కుట్టేవాళ్ళకీ కట్ పీసులతో క్విల్టులు, కుషన్ కవర్లు చేసి అమ్మేవాళ్ళకీ ఇది ఇంకా అవసరం. లెక్క చూడండి. ఒక వరసలో పన్నెండు ముక్కలు కలిపితే పదకొండు జాయింట్లు వస్తాయి. జాయింటు పూర్తిగా విచ్చుకోకుండా లోపల చిన్న మడత మిగిలి, ఒక్కోచోట అంగుళంలో పదహారో వంతు గుడ్డ తినేసిందనుకోండి. వరస మొత్తానికి ముప్పావు అంగుళం దగ్గర్లో పోతుంది. పక్క వరస బాగా ప్రెస్ చేసి ఉంటే ఈ రెండూ ఇక కలవవు. లాగి కలిపితే బొంత మధ్యలో ఉబ్బుతుంది. అప్పుడు తప్పు కత్తిరింపులో ఉందనుకుని మళ్ళీ మళ్ళీ కొలుచుకుంటారు.

ముందు చెక్క సంగతి. 12 ఎం.ఎం. ప్లైవుడ్ మంచిది. అంతకన్నా పలచనిది ఆవిరికి వంగుతుంది, 18 ఎం.ఎం. అయితే మోయడానికి బరువు. కొత్త షీటు కొనక్కర్లేదు. ఫర్నిచర్ పని జరిగే చోట, వడ్రంగి షాపుల్లో మిగులు ముక్కలు పడి ఉంటాయి. 16 అంగుళాలు వెడల్పు, 24 అంగుళాలు పొడవు ఉన్న ముక్క అడగండి. బ్లౌజు వెనక భాగం పూర్తిగా పరుచుకుంటుంది, 12 అంగుళాల అతుకు చదరం పెట్టినా చుట్టూ చోటు మిగులుతుంది. ఈ కొలతకి చెక్క బరువు సుమారు రెండు కిలోలు, ఒక చేత్తో ఎత్తి పెట్టుకోవచ్చు. ప్లైవుడ్ మీద ఐ.ఎస్. 710 అని ముద్ర ఉంటే అది నీటిని బాగా తట్టుకునే రకం. ఐ.ఎస్. 303 ముద్రతో వచ్చే మామూలు రకం కూడా పొడి ఇస్త్రీకి చాలు. ఆవిరి పెట్టె వాడేవాళ్ళు మాత్రం మొదటిదే వెతకండి. పార్టికల్ బోర్డు, ఎం.డి.ఎఫ్. ముక్కలు ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు. తేమ తగిలితే ఉబ్బి పొరలు విడిపోతాయి. సన్‌మైకా అంటించిన ముక్క కూడా వద్దు, ఆవిరి కిందికి దిగలేక గుడ్డలోనే నిలిచిపోతుంది. చెక్కకి వార్నిష్ వేయకండి. వేడికి అది మెత్తబడి పై గుడ్డకి అంటుకుంటుంది. అంచులు, మూలలు మాత్రం గరుకు కాగితంతో బాగా రుద్దాలి. మూల పదునుగా ఉంటే పై గుడ్డ మొదట చిరిగేది అక్కడే.

చెక్క మీద వేసే మెత్త గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. చాలా పలకలు పాడయ్యేది ఇక్కడే. మెత్తగా ఉంటే మంచిదనుకుని ఫోమ్ వేస్తారు, దిండ్లలో నింపే పాలిస్టర్ దూది వేస్తారు. రెండూ తప్పే. ఫోమ్ మీద పెట్టె నొక్కితే గుడ్డ కూడా కిందికి దిగిపోతుంది, జాయింటు మీద పడాల్సిన ఒత్తిడి పడదు. వేడికి వాసన వస్తుంది, కొన్నాళ్ళకి అణగారిపోతుంది. పాలిస్టర్ దూది కాటన్‌కి పెట్టే వేడికి అణిగి గట్టిపడుతుంది. ఇస్త్రీ బండి దగ్గర ఒకసారి ఆగి చూడండి. గట్టి చెక్క, దాని మీద పాత ఉన్ని కంబళి మడతలు, పైన కాటన్ దుప్పటి. తరతరాలుగా బట్టలు ఇస్త్రీ చేసి బతికినవాళ్ళు ఎంచుకున్న పొరలు అవి. మన పలకకీ అవే కావాలి.

ఉన్ని వేడిని పట్టి ఉంచుతుంది. పైనుంచి పెట్టె వేడి, కిందనుంచి ఉన్ని వేడి రెండూ తగలడం వల్ల జాయింటు తొందరగా చదునవుతుంది. ఆవిరి తేమని కూడా అది పీల్చుకుంటుంది. నొక్కితే అణిగి, వదలగానే మళ్ళీ లేస్తుంది. అందుకే లోపలి మార్జిన్ గీత పైకి అచ్చుపడదు. తెలంగాణలో, రాయలసీమలో కురుమలు, కురుబలు దక్కనీ గొర్రెల ఉన్నితో నేసే గొంగడి ఈ పనికి పుట్టినట్టుంటుంది. ఇంట్లో చిరిగిన గొంగడి ఉంటే పారేయకండి, బాగున్న ముక్క కోసి తీసుకోండి. ఒక జాగ్రత్త ఉంది. గొంగడి నేసేటప్పుడు నూలుకి చింతగింజల గంజి పెడతారు. కొత్తదైతే ఆ గంజి ఆవిరికి కరిగి పై గుడ్డకి మరక పడుతుంది. రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, రెండుమూడుసార్లు జాడించి, ఎండలో బాగా ఆరబెట్టాకే వాడండి. గొంగడి వెంట్రుక ముతక కాబట్టి దానికీ పై గుడ్డకీ మధ్య పాత పంచె ముక్క ఒక పొర వేయాలి.

గొంగడి లేకపోతే ఉన్ని దుప్పటి. అయితే ఉన్ని అని అమ్మేదంతా ఉన్ని కాదు. మెత్తగా, మెరుస్తూ ఉండే మింక్ దుప్పట్లు పాలిస్టర్‌వి. అంచునుంచి ఒక పోగు లాగి, వంటింటి గట్టు మీద స్టీలు పళ్ళెంలో పెట్టి వెలిగించి చూడండి. జుట్టు కాలిన వాసన వచ్చి, వేళ్ళతో నలిపితే పొడి అయితే ఉన్ని. కరిగి, చల్లారాక గట్టి పూసలా మిగిలితే పాలిస్టరో అక్రిలికో. అది పనికిరాదు. చల్లారేదాకా ముట్టుకోవద్దు, కరిగిన పోగు చేతికి అంటుకుని కాలుస్తుంది. ఏ ఉన్నీ దొరకనివాళ్ళు పాత కాటన్ దుప్పటిని నాలుగైదు పొరలుగా మడిచి వేసుకోవచ్చు. ఉన్నికి సాటి రాదు గానీ ఫోమ్ కన్నా నూరుపాళ్ళు నయం. మందం ఏదైనా సరే, బొటనవేలితో గట్టిగా నొక్కితే అడుగున చెక్క గట్టితనం తెలియాలి. తెలియకపోతే ఒక పొర తీసేయండి.

పై గుడ్డ నూటికి నూరుపాళ్ళు కాటన్ కావాలి, కాస్త దళసరిగా ఉండాలి. కోరా గుడ్డ, ఖాదీ, దుప్పటి గుడ్డ ఏదైనా సరే. కొత్తదైతే వేడినీళ్ళలో తడిపి ఆరబెట్టాకే కత్తిరించండి. లేకపోతే పలక మీదే ఆవిరికి కుంచించుకుని అంచుల దగ్గర లాగుతుంది. ముదురు రంగులు వద్దు. వెండి రంగు పూత ఉన్న ఇస్త్రీ గుడ్డ అమ్ముతారు, అదీ వద్దు, ఆవిరిని కిందికి పోనివ్వదు. నాకు బాగా నచ్చేది వెలిసిపోయిన గళ్ళ లుంగీ గానీ చేనేత గళ్ళ దుప్పటి గానీ. గళ్ళు నేతలోనే వచ్చినవి కాబట్టి నిలువు, అడ్డం గీతలు తిన్నగా ఉంటాయి. అతుకు చదరం నాలుగు మూలలూ సమంగా ఉన్నాయా, పట్టీ వంకర పోయిందా అన్నది టేపు తీయకుండానే తెలిసిపోతుంది. లుంగీ పలచన కాబట్టి రెండు పొరలు వేయండి, రెండు పొరల గళ్ళూ ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చోవాలి. పాలిస్టర్ కలిసిన లుంగీలు కూడా వస్తాయి, దీనికీ అదే నిప్పు పరీక్ష, కరిగి పూస మిగలకూడదు. రంగు దిగుతుందేమో చూడటానికి తడి తెల్లగుడ్డ వేసి మీద వేడి పెట్టె నొక్కండి. తెల్లగుడ్డ తెల్లగానే ఉంటే వాడుకోవచ్చు. పలక మీద పెన్సిలుతో, పెన్నుతో గీతలు గీసుకోవడం మంచిది కాదు. ఆ గీత ఏదో ఒకరోజు కస్టమర్ లేత రంగు గుడ్డ మీదికి ఎక్కుతుంది.

ఇక బిగించడం. సోఫా కుషన్ పని చేసేవాళ్ళ దగ్గర ఉండే గన్ స్టేప్లర్ కావాలి. కొనక్కర్లేదు, పలక తీసుకెళ్తే వాళ్ళే పది నిమిషాల్లో కొట్టిపెడతారు. పిన్ను 8 ఎం.ఎం. చాలు, 12 ఎం.ఎం. చెక్కలోంచి పైకి పొడుచుకురాదు. స్టేప్లర్ లేకపోతే పొట్టి మేకులతోనూ పని అవుతుంది. ఉన్ని ముక్కని పలక కన్నా ప్రతి పక్కా అంగుళం ఎక్కువగా కోయండి, అంచు మీదుగా మడత పడాలి. పై గుడ్డ 21 అంగుళాలు, 29 అంగుళాలు కోస్తే చుట్టూ రెండున్నర అంగుళాలు వస్తుంది. గుడ్డని నేల మీద తిరగవేసి పరచండి, దాని మీద పంచె ముక్క, దాని మీద ఉన్ని, ఆపైన చెక్క.

మొదటి పిన్ను పొడుగు పక్క సరిగ్గా మధ్యలో. రెండోది దానికి ఎదురుగా అవతలి పక్క మధ్యలో, గుడ్డ లాగి పట్టుకుని. తర్వాత పొట్టి పక్కల మధ్యలో ఒక్కొక్కటి. అక్కడ ఆగి పలక తిప్పి గళ్ళు చూడండి. గీతలు అంచుకి సమాంతరంగా ఉంటే ముందుకు వెళ్ళండి, వంకరగా ఉంటే ఇప్పుడే పిన్ను తీసి సర్దుకోండి. ఒక మూల నుంచి మొదలుపెట్టి చుట్టూ కొట్టుకుంటూ పోతే గుడ్డ ఖచ్చితంగా ఒక పక్కకి జరుగుతుంది. మధ్య నుంచి మూలలవైపు, ఎదురెదురు పక్కలు మార్చుకుంటూ, అంగుళమున్నరకి ఒక పిన్ను చొప్పున కొట్టండి. ప్రతి మూలకీ రెండు అంగుళాల దూరంలో ఆపేయండి. ఇప్పుడు మూల. గుడ్డ కొసని పట్టుకుని పలక నడిమధ్యకి ఏటవాలుగా లాగి, అక్కడ ఒక పిన్ను కొట్టండి. రెండు వైపులా చెవుల్లా గుడ్డ మిగులుతుంది. లోపల మందంగా ఉన్నంతమేర ఉన్నిని కత్తెరతో తీసేసి, ఒక చెవిని అంచుకి సరిగ్గా మడిచి కొట్టి, రెండోదాన్ని దాని మీదికి మడిచి కొట్టండి. పైనుంచి చూస్తే మూల మీద ముడత కనబడకూడదు. ఎక్కడా ఫెవికాల్ వాడొద్దు. ఆరాక గట్టిపడి పలక మీద గట్టు కడుతుంది, పైగా రేపు గుడ్డ మార్చాలంటే ఊడదు.

అడుగున పిన్నులు బల్లని గీరకుండా పాత రెగ్జిన్ ముక్క గానీ దళసరి గుడ్డ గానీ వేసి కొట్టండి. పొట్టి పక్కన నవారు పట్టీ ఒకటి, రెండు కొసలా వాషరు వేసి స్క్రూలతో బిగిస్తే మోసుకెళ్ళడానికి పిడి, గోడకి తగిలించడానికి కొక్కెం రెండూ అదే. కుట్టు సెంటర్‌కి వెళ్ళి నేర్చుకునేవాళ్ళూ, పెళ్ళిళ్ళ సీజన్‌లో కస్టమర్ ఇంటికే వెళ్ళి బ్లౌజులు సర్దిపెట్టేవాళ్ళూ దీన్ని సంచిలో వేసుకుని పోవచ్చు.

పలక ఎక్కడ పెట్టుకోవాలో కుర్చీలో కూర్చునే తేల్చుకోండి. తొక్కుడు మిషన్ అయితే పక్కన మిషన్ బల్ల ఎత్తుకి సమంగా స్టూలు వేసి దాని మీద పెట్టండి. కింద కూర్చుని చేతి మిషన్ మీద కుట్టేవాళ్ళకి నేలే చాలు. పెట్టె వైరు ఒడి మీదుగా గానీ తొక్కే పలక మీదుగా గానీ రాకూడదు. పరుపు మీద మాత్రం ఎప్పుడూ పెట్టొద్దు. పలక ఊగడం ఒకటి, పెట్టె జారి పరుపు మీద పడితే నిప్పు అంటుకోవడం మరొకటి. పెట్టె ఆనించడానికి పలక పక్కన టైల్ ముక్క ఒకటి ఉంచుకోండి.

కరెంటు విషయంలో బద్ధకం పనికిరాదు. 1000 వాట్ల పొడి ఇస్త్రీ పెట్టె నాలుగు ఆంపియర్లకి కాస్త పైన లాగుతుంది, 6 ఆంపియర్ల సాకెట్‌కి పర్వాలేదు. 1400 వాట్లు దాటిన ఆవిరి పెట్టెలకి 16 ఆంపియర్ల సాకెట్ కావాలి. మిషన్ మోటారు, లైటు, ఫోను చార్జరు ఉన్న ఎక్స్‌టెన్షన్ బాక్సుకే ఇస్త్రీ పెట్టె కూడా గుచ్చొద్దు. మూడు పిన్నుల ప్లగ్గుని రెండు పిన్నులదిగా మార్చి వాడటం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే.

వాడటంలో ముఖ్యమైన మాట: పెట్టెని గుడ్డ మీద తోయకండి. ఎత్తి పెట్టండి, నొక్కండి, ఎత్తండి, పక్కకి జరిపి మళ్ళీ పెట్టండి. క్రాసు కోసిన ముక్క మీద పెట్టె తోస్తే అది సాగి ఆకారం మారిపోతుంది. నెక్, ఆర్మ్‌హోల్ వదులయ్యేది ఎక్కువగా అలాగే. కుట్టు వేయగానే ముక్కని విప్పకుండా, మడతగా ఉన్నట్టే కుట్టు మీద ఒకసారి నొక్కండి. దారం గుడ్డలోకి సర్దుకుంటుంది. ఆ తర్వాతే విప్పి, మార్జిన్‌ని రెండు పక్కలకి గానీ ఒక పక్కకి గానీ మళ్ళించి పైనుంచి నొక్కాలి. అతుకుల పనిలో మార్జిన్ ముదురు రంగు ముక్క వైపు మళ్ళిస్తే లేత గుడ్డలోంచి నీడ కనబడదు. ఒక వరస మార్జిన్లు కుడివైపుకి, పక్క వరసవి ఎడమవైపుకి మళ్ళిస్తే, వరసలు కలిపేటప్పుడు జాయింట్లు ఒకదానికొకటి ఆనుకుని కదలకుండా కూర్చుంటాయి. నిలువు డాట్లు బ్లౌజు నడిమివైపుకి, అడ్డం డాట్లు కిందికి. డాట్ కొస, ప్రిన్సెస్ కట్ వంపు చదును పలక మీద ప్రెస్ చేస్తే అణిగిపోతాయి. అందుకు ఒక పాత తువ్వాలుని గట్టిగా చుట్టి, దారంతో కట్టి పలక మీద పెట్టుకుని, వంపుని దాని మీద వేసి నొక్కండి. చేతులకీ అదే చుట్ట పనికొస్తుంది.

పెట్టె మీద, బట్టల లేబుళ్ళ మీద ఉండే చుక్కలకి అర్థం ఉంది. ఒక చుక్క అంటే సుమారు 110 డిగ్రీలు, సింథటిక్‌లకి. రెండు చుక్కలు 150, పట్టుకీ ఉన్నికీ. మూడు 200, కాటన్‌కి. పట్టు బ్లౌజుకి కాటన్ లైనింగ్ వేసినా వేడి పట్టుకి తగినట్టే ఉండాలి. జరీ అంచు తిరగవైపు నుంచి, మీద పలచటి కాటన్ గుడ్డ వేసి నొక్కండి. ఇప్పుడొచ్చే జరీలో చాలావాటిలో పాలిస్టర్ పొర ఉంటుంది, నేరుగా వేడి తగిలితే ముడుచుకుపోతుంది. పెడన కలంకారీ ముక్కలు కూడా తిరగవైపు నుంచే చేయండి. ఫ్యూజింగ్ అంటించేటప్పుడు పలక మీద ఒక పాత గుడ్డ పరచడం మరిచిపోవద్దు. జిగురు ఒకసారి పలకకి అంటిందంటే ఆ తర్వాత పెట్టిన ప్రతి గుడ్డకీ కొంచెం కొంచెం అంటుతూనే ఉంటుంది.

పని అయ్యాక పలకని వెంటనే సంచిలో దూర్చకండి. ఆవిరి వాడినరోజు నిలువుగా ఆనించి గాలి తగలనివ్వండి, లేకపోతే ఉన్ని ముక్క వాసన వేస్తుంది, చెక్క వంగుతుంది. పై గుడ్డ మీద గోధుమరంగు మరకలు వస్తే పిన్నులు పీకి గుడ్డ మాత్రం మార్చండి. లోపలి ఉన్ని, చెక్క చాలా ఏళ్ళు వస్తాయి.

కుట్టుపని నేర్పించే అక్కలకి, సెంటర్లు నడిపేవాళ్ళకి ఒక విన్నపం. నేర్చుకోవడానికి వచ్చే అమ్మాయిలకి మొదటి వారంలోనే, బ్లౌజు కటింగ్ కన్నా ముందు, ఈ పలక ఎవరిది వాళ్ళచేత చేయించండి. మిషన్ కొనుక్కోవడానికి వాళ్ళకి టైం పట్టొచ్చు. పలక మాత్రం వారంలో చేతికొస్తుంది, కుట్టిన ప్రతి జాయింటునీ అక్కడికక్కడే ప్రెస్ చేసే అలవాటు దాంతోనే మొదలవుతుంది.